కడుపులో బిడ్డ, తల్లి మింగే మాత్ర: మీకు తెలుసా?

• ఒకప్పుడు గర్భిణులకు వేవిళ్లు తగ్గడానికి ఇచ్చిన థాలిడోమైడ్ అనగానే చేతులు సరిగా ఎదగని పిల్లలే గుర్తొస్తారు. 1994లో స్వీడన్‌లో ఆ మందు బాధితులను సుమారు వంద మందిని పరీక్షిస్తే, నలుగురిలో ఆటిజం కనిపించింది. ఆ నలుగురి తల్లులూ గర్భం నిలిచిన 20–24 రోజుల మధ్య ఆ మాత్ర వేసుకున్నవారే. నెల తప్పిందని అప్పుడప్పుడే అనుమానం మొదలయ్యే రోజులవి.

• అన్నిటికన్నా గట్టి ఆధారాలున్నది ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్ మీద. కొందరికి మైగ్రేన్‌కూ, బైపోలార్ జబ్బుకూ ఇదే రాస్తారు. డెన్మార్క్‌లో 1996–2006 మధ్య పుట్టిన 6,55,615 మంది పిల్లల వివరాలు చూశారు. మొత్తం మీద ఆటిజం నూటికి ఒకటిన్నర. కడుపులో ఉండగా ఈ మందు సోకిన 508 మందిలో నూటికి దాదాపు నాలుగున్నర. అంటే వాళ్లలోనూ నూటికి తొంభై అయిదు మందికి ఆటిజం రాలేదు. ఇది చదివి ఎవరూ మాత్ర ఆపేయకండి! ఉన్నట్టుండి ఆపితే వచ్చే ఫిట్స్ తల్లీబిడ్డల ప్రాణం మీదికి తెస్తాయి. మన ఇళ్లలో పెళ్లి కుదరగానే ఫిట్స్ సంగతి దాచిపెడతారు. అక్కడే అసలు నష్టం. గర్భం రాకముందే న్యూరాలజిస్టుతో మాట్లాడితే లామోట్రిజిన్ లాంటి మందుకు మార్చే వీలు చాలామందికి ఉంటుంది.

• జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ సంగతి వేరు. గర్భిణులు దాన్ని వాడితే బిడ్డకు ఆటిజం వస్తుందన్నట్టు 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ అన్న మాటలతో ఎందరో గర్భిణులు బెంబేలెత్తిపోయారు. కానీ 2024లో వెలువడిన స్వీడన్ అధ్యయనం దాదాపు 25 లక్షల మంది పిల్లలను పరిశీలించింది. ఒకే తల్లి బిడ్డల్లో, మాత్ర వాడిన కాన్పునూ వాడని కాన్పునూ పోల్చి చూస్తే తేడా కనిపించలేదు. తీవ్రమైన జ్వరాన్ని అలాగే వదిలేయడమే బిడ్డకు చేటు. డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకోవచ్చు.

• మాత్రలే కాదు, గర్భంలో సోకే వైరస్ సంగతీ చూడాలి. 1964లో అమెరికాలో రుబెల్లా ప్రబలింది. అప్పుడు గర్భంలోనే ఆ వైరస్ సోకిన 243 మంది పిల్లలను న్యూయార్క్‌లో పిల్లల మానసిక వైద్యురాలు స్టెల్లా చెస్ పరిశీలించారు. వాళ్లలో ఆటిజం మామూలుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. టీకాలతో ఆటిజం వస్తుందని భయపడే తల్లిదండ్రులకు ఇది తప్పక చెప్పాలి: రుబెల్లాను ఆపేది టీకాయే.

• ఫోలిక్ యాసిడ్ మాత్రలు గర్భం రాకముందు నుంచే వేసుకోవడం మంచిది. నార్వేలో 85,176 మంది పిల్లలను గమనిస్తే, గర్భం నిలిచే రోజులకు అటూ ఇటూ తల్లులు ఆ మాత్రలు వాడిన పిల్లల్లో ఆటిస్టిక్ డిజార్డర్ సుమారు సగమే ఉంది. అయిదో నెలలో వాడకానికి మాత్రం అలాంటి సంబంధం కనిపించలేదు.