వెనక కూర్చున్నా రోడ్డు మీదే ఉన్నాం

రోడ్డు ప్రమాదాల మాట వస్తే మనం ఎప్పుడూ నడిపేవాళ్లనే తిడతాం. "ఎంత స్పీడుగా పోతున్నాడో చూడు", "సిగ్నల్ కూడా చూడలేదు", "ఫుట్‌పాత్ మీదికే ఎక్కించేశాడు" అంటాం. ఆ మాటలు నిజమే. కానీ మన క్లాసులో బండి నడిపేవాళ్లు ఎంతమంది? స్కూటీలో వచ్చేవాళ్లు కొందరున్నారు. మిగతావాళ్లం నాన్న బండి మీదో, అన్న బండి మీదో, ఆటోలోనో, బీఎంటీసీ బస్సులోనో వస్తాం. అంటే మనలో ఎక్కువమంది వెనక సీటు వాళ్లం. జాగ్రత్తంతా ముందున్నవాళ్లదే, వెనక కూర్చున్నవాళ్లకు రోడ్డుతో పని లేదు అని మనకు ఒక నమ్మకం. అది ఎంతవరకు సరైనదో చూద్దాం.

లెక్కలు ఏం చెప్తున్నాయి?

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది చనిపోయారు. అంటే గంటకు 19 మంది. మనకు ఒక పీరియడ్ పాఠం అయ్యేలోపు దేశంలో ఎక్కడో ఒకచోట అంతమంది రోడ్డు మీద ప్రాణాలు వదులుతున్నారు. వాళ్లలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. కారులో ఉన్నవాళ్లకు చుట్టూ ఇనుప రేకు అడ్డం ఉంటుంది. బండి మీద మన ఒళ్లే బంపరు.

చట్టానికి వెనక సీటు కనిపిస్తుంది

1988 మోటారు వాహనాల చట్టంలో 129వ సెక్షన్ హెల్మెట్ గురించి చెప్తుంది. బండి నడిపేవాళ్లతో పాటు దాని మీద వెళ్లే, నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ హెల్మెట్ పెట్టుకోవాలి. తలపాగా చుట్టుకునే సిక్కులకు మాత్రం మినహాయింపు. తమిళనాడులో మద్రాసు హైకోర్టు ఆదేశం తర్వాత 2015 జులై 1 నుంచి వెనకవాళ్లకూ హెల్మెట్ తప్పనిసరి చేశారు. మన కర్ణాటకలో 2016 జనవరిలో ఆ పని జరిగింది. ఇన్నేళ్లయినా మన గేటు ముందు ఉదయం నిలబడి చూడండి. ముందు కూర్చున్న తలకు హెల్మెట్, వెనక కూర్చున్న తలకు పూలు.

వెనకవాళ్లు హెల్మెట్ పెట్టుకోకపోతే శిక్ష ఎవరికి? 194డి సెక్షన్ ప్రకారం నడిపేవాళ్లకే. కేంద్ర చట్టంలో వెయ్యి రూపాయల జరిమానాతో పాటు మూడు నెలల పాటు లైసెన్సు పోతుందని కూడా ఉంది. జడ చెదురుతుందని మనం వద్దనుకున్న హెల్మెట్‌కి నాన్న లైసెన్సు బదులు చెప్పాలి. ముగ్గురు ఎక్కడం గురించి 128వ సెక్షన్ ఉంది: నడిపేవాళ్లు కాక ఒక్కరినే ఎక్కించుకోవాలి, ఆ ఒక్కరూ సీటు మీదే కూర్చోవాలి. "ఇద్దరం సన్నగానే ఉన్నాం కదా" అన్నది చట్టంలో లేదు.

హెల్మెట్ ఎందుకు వద్దంటాం?

మనం చెప్పే కారణాలు అందరికీ తెలిసినవే. జుట్టు పాడవుతుంది, చెమట పడుతుంది, పూలు నలుగుతాయి, దగ్గరే కదా, చేతిలో మోసుకు తిరగాలి. చివరిది నిజమైన ఇబ్బందే. మిగతావి తల ఎలా దెబ్బతింటుందో తెలియక చెప్పేవి. హెల్మెట్ పైచిప్ప గట్టిగా ఉంటుంది. లోపల థర్మాకోల్ లాంటి మందమైన పొర ఉంటుంది. అసలు పని దానిదే. తల నేలకు తగిలినప్పుడు ఆ పొర నలిగి, దెబ్బ జోరును తాను తీసుకుంటుంది. అందుకే ఒకసారి గట్టిగా దెబ్బతిన్న హెల్మెట్ బయటికి బాగానే కనిపించినా మళ్లీ వాడకూడదు. గడ్డం కింద పట్టీ పెట్టకపోతే కింద పడేలోపే అది తల నుంచి ఊడిపోతుంది. సరిగ్గా పెట్టుకున్న హెల్మెట్ చనిపోయే ముప్పును దాదాపు 40 శాతం, తలకు పెద్ద గాయమయ్యే ముప్పును దాదాపు 70 శాతం తగ్గిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడాలి. ఆ గుర్తు లేనివాటి అమ్మకాన్ని 2021 జూన్ 1 నుంచి నిషేధించారు. అయినా రోడ్డు పక్కన దొరుకుతూనే ఉన్నాయి.

చున్నీ, కొంగు

ఇది మన విషయం, మనమే మాట్లాడుకోవాలి. స్కూటర్ చక్రం ఒక చుట్టు తిరిగితే సుమారు 1.35 మీటర్లు కదులుతుంది. 40 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు 8 చుట్లు తిరుగుతుంది. బైకు వెనక ఐతే చక్రంతో పాటు చెయిన్ కూడా ఉంటుంది. చున్నీ కొస అందులో చిక్కిందంటే మిగతాది లాగేసుకోవడానికి ఒక సెకను చాలు. మెడకు చుట్టుకున్న చున్నీ ఐతే ఊపిరి ఆడదు, మనిషి వెనక్కి పడిపోతుంది. ముందున్నవాళ్లకు ఏమైందో తెలిసే సమయం కూడా ఉండదు.

ఇది కొత్త ప్రమాదం కాదు. ప్రపంచానికి పేరు తెలిసిన నాట్యకారిణి ఇసడోరా డంకన్ 1927 సెప్టెంబరు 14న ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ఇలాగే చనిపోయింది. ఆమె మెడలోని పొడుగాటి పట్టు స్కార్ఫ్ కారు వెనక చక్రంలో చిక్కుకుంది. మన దేశంలో దీని కోసం నియమం కూడా ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది ప్రకారం ప్రతి మోటారు సైకిల్‌కీ వెనకవాళ్లు పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్ట్, బట్టలు చక్రంలో పడకుండా కనీసం సగం చక్రాన్ని కప్పే అడ్డు ఉండాలి. మనం చీర గార్డు అంటామే, అదే. బండి స్టైలుగా కనిపించాలని కొందరు దాన్ని విప్పించేస్తారు. మీ ఇంట్లో బండికి ఉందో లేదో ఈరోజే చూడండి.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. బండి ఎక్కేముందు చున్నీ తీసి బ్యాగులో పెట్టడం, లేదా రెండు కొసలూ ముందుకు తెచ్చి నడుముకు బిగించి ముడి వేయడం. చీర ఐతే కొంగు ముందుకు లాక్కుని దోపుకోవడం. బుర్ఖా, పొడుగాటి కోటు వేసుకునేవాళ్లు కింది అంచు ఒళ్లో పెట్టుకోవడం.

ఒకవైపు కూర్చోవడం గురించీ ఒక మాట. అలా కూర్చుంటే బరువంతా ఒక పక్కకు పోతుంది, కాళ్లు రెండూ ఎడమవైపు వేలాడతాయి, పట్టుకోవడానికి ఒక చెయ్యే మిగులుతుంది. గుంత వచ్చినా, సడన్ బ్రేకు పడినా జారిపోతాం. చీరలో వచ్చే అమ్మలకు వేరే దారి లేకపోవచ్చు. చుడీదార్ వేసుకున్న మనకు ఉంది.

తొందర ఎవరిది?

"అన్నా, ఫస్ట్ అవర్ అటెండెన్స్ పోతుంది, తొందరగా పోనీ." ఈ మాట మనలో ఎంతమంది అనలేదు? "యూ టర్న్ చాలా దూరం, ఇటునుంచే పోనీ" అని రాంగ్ సైడ్‌లో వెళ్లమనేదీ, "ఫుట్‌పాత్ ఖాళీగా ఉంది చూడు" అనేదీ చాలాసార్లు వెనక సీటే. ఎదురు దిశలో నడపడం, సిగ్నల్ దాటడం, చేత్తో ఫోన్ పట్టుకోవడం 184వ సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగ్ అవుతాయి. మొదటిసారికే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి నుంచి 5 వేల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

తొందర అంటే ఏమిటో లెక్క వేద్దాం. ఎదురుగా ఏదో అడ్డం వచ్చిందని గ్రహించి బ్రేకు వేయడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుందాం. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులున్న బండి 40లో వెళ్తుంటే ఆగడానికి మొత్తం సుమారు 25 మీటర్లు కావాలి. 60లో ఐతే 45 మీటర్లు. వాన పడితే ఇంకా ఎక్కువ. ఈ లెక్క కళ్లు రోడ్డు మీద ఉన్నప్పటిది. వెనకనుంచి మనం ఫోన్ చూపించి "ఈ మెసేజ్ చూడన్నా" అంటే, మూడు సెకన్లు చూసినా బండి 33 మీటర్లు కళ్లు మూసుకుని వెళ్లినట్టే. మిగిలేది రెండు మూడు నిమిషాలు. ఆ దూరంలో రోడ్డు దాటేది మన క్లాస్‌మేటే కావచ్చు.

దిగేటప్పుడు కూడా మన వల్ల ఇతరులకు ఇబ్బంది ఉంటుంది. ఆటోని సరిగ్గా గేటు ముందే ఆపించడం, వెనక బస్సు హారన్ కొడుతుంటే చిల్లర వెతకడం, సిగ్నల్ దగ్గర రోడ్డు మధ్యలోనే దిగిపోవడం, కుడివైపు నుంచి దిగడం. కారు ఐతే తలుపుకి దూరంగా ఉన్న చేత్తో తెరవడం మంచిది. అప్పుడు ఒళ్లు తిరిగి, వెనకనుంచి వచ్చే బండి కంటికి కనిపిస్తుంది.

చెప్పడం ఎలా?

నెమ్మదిగా వెళ్లమంటే "భయపడుతున్నావా?" అని నవ్వుతారు. నాన్నకు చెప్పడం మర్యాద కాదనిపిస్తుంది. తెలియని ఆటో డ్రైవర్‌తో గొడవెందుకు అనిపిస్తుంది. అందుకే మనం ఊరుకుంటాం. ఊరుకోవడం కంటే పద్ధతిగా చెప్పడం మేలు. "నాన్నా, నాకు కడుపులో తిప్పుతోంది, కొంచెం మెల్లగా" అంటే ఏ నాన్నా కోపగించుకోడు. అన్నతో ఐతే "ఫోన్ నాకివ్వు, నేను మాట్లాడతా" అని చేతిలోంచి తీసుకోవచ్చు. ఆటోలో "అణ్ణా, స్వల్ప నిధానవాగి హోగి" అంటే చాలు. మన నిదానం, కన్నడ నిధాన ఒకటే మాట. నిదానమే ప్రధానం అనే సామెత రెండు భాషల్లోనూ ఉంది. వినకపోతే జనం ఉన్నచోట ఆపమని దిగిపోవడంలో తప్పు లేదు.

ఇక పది నిమిషాల ముందు ఇంట్లోంచి బయల్దేరడం పూర్తిగా మన చేతిలో ఉన్న పని. సాయంత్రం బెల్లు కొట్టాక బండి ఎక్కేముందు పక్కనున్న స్నేహితురాలి చున్నీ కొస ఎక్కడుందో ఒకసారి చూడండి. మీది ఆమెను చూడమనండి.