పెళ్లి పందిట్లో తీగలేని ఫ్లాష్: కొనేముందు చూసుకోవలసినవి

తాళి ఒక్కసారే కడతారు. ఫొటో సరిగా పడలేదని ముహూర్తాన్ని వెనక్కు తిప్పడం ఎవరివల్లా కాదు. అందుకే పల్లెల్లో పెళ్లిఫొటోలు తీసి బతుకుతున్న యువకులకు కెమెరా ఎంత అవసరమో మంచి ఫ్లాష్ కూడా అంతే అవసరం. రాత్రి ముహూర్తాలకైతే ఫ్లాషే ప్రాణం.

కానన్, నికాన్ కంపెనీలు 2020 తరువాత కొత్త డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. నమూనాలు తేలేదు. పట్నాల్లో చాలామంది మిర్రర్‌లెస్ కెమెరాలకు మారారు. దాంతో వాడిన ఎస్.ఎల్.ఆర్.లు అందుబాటు ధరకు దొరుకుతున్నాయి. పెళ్లి పనికి అవి ఇప్పటికీ చక్కగా సరిపోతాయి. చిక్కల్లా వాటికి తగిన ఫ్లాష్‌ను ఎంచుకోవడంలోనే వుంది.

కెమెరా మీంచి దించితేనే అందం

కెమెరా నెత్తిన బిగించిన ఫ్లాష్ ముఖాల మీద నేరుగా కొడుతుంది. నుదుటి చెమట తళుక్కుమంటుంది. వెనుక గోడమీద నల్లటి నీడ పడుతుంది. ముందు కూర్చున్న పురోహితుడు తెల్లగా పాలిపోతాడు, వెనుక నిలబడిన మేనమామ చీకట్లో కలిసిపోతాడు. దూరం రెండింతలైతే వెలుగు సగానికి కాదు, నాలుగో వంతుకు పడిపోవడమే ఇందుకు కారణం.

అదే ఫ్లాష్‌ను స్టాండుకు బిగించి, ఒక పక్కగా, తల కంటే ఎత్తులో, కాస్త దూరంగా పెడితే ముందువారికీ వెనుకవారికీ మధ్య ఈ తేడా తగ్గుతుంది. ముఖాల తీరు, నగల పనితనం కనబడతాయి. ఇంట్లో అయితే తెల్లటి పైకప్పుకు ఫ్లాష్ కొట్టి పని జరుపుకోవచ్చు. పందిట్లో అది కుదరదు. పైన కట్టిన ఎర్రగుడ్డ, పచ్చగుడ్డ తమ రంగును ముఖాలకు పులుముతాయి. అక్కడ ఫ్లాష్‌కు తెల్లగొడుగు పట్టడమే మేలు.

రేడియో పద్ధతే నమ్మకం

ఫిలిం రోజుల్లో పక్కన పెట్టిన ఫ్లాష్‌కు కెమెరానుంచి తీగ లాగేవారు. ఇప్పుడు తీగ అక్కరలేదు. అయితే తీగలేని ఫ్లాష్‌లన్నీ ఒకటి కావు. కొన్నింటికి కబురు వెలుగు ద్వారా అందుతుంది, కొన్నింటికి రేడియో తరంగాల ద్వారా అందుతుంది.

వెలుగు పద్ధతిలో ఒక ఫ్లాష్ మెరుపును చూసి రెండోది మెరుస్తుంది. రెండింటి మధ్య మనిషి అడ్డు నిలిస్తే కబురు ఆగిపోవచ్చు. మిట్టమధ్యాహ్నపు ఎండలో దీని చూపు మందగిస్తుంది. పైగా సాధారణ స్లేవ్ పద్ధతిలో వుంటే చుట్టాల కెమెరా మెరిసినా ఇదీ మెరుస్తుంది. తీరా తాళి కట్టే వేళకు చార్జి అందక మొరాయిస్తుంది.

రేడియో పద్ధతికి ఈ బెడద లేదు. 2.4 గిగాహెర్జ్ తరంగాలతో పనిచేసే ట్రిగ్గర్ జనం మధ్యనుంచి, స్తంభాల చాటునుంచి కూడా కబురు పంపగలదు. ఒకే పందిట్లో ఇద్దరు ఫొటోగ్రాఫర్లుంటే చానల్ మార్చుకుంటే సరిపోతుంది. కానన్ కంపెనీ 2012లో తెచ్చిన 600 ఇ.ఎక్స్.-ఆర్.టి. ఫ్లాష్‌లోను, నికాన్ 2016లో తెచ్చిన ఎస్.బి.-5000లోను రేడియో లోపలే అమర్చారు. గోడాక్స్, యాంగ్‌నువో వంటి కంపెనీలు అంతకంటే చవకగా ఇటువంటివి అమ్ముతున్నాయి. ఒక కంపెనీ ట్రిగ్గర్ మరో కంపెనీ రేడియో ఫ్లాష్‌ను సాధారణంగా వెలిగించలేదు. అందువల్ల మొదటిది ఏ కంపెనీది కొంటే రెండోదీ అదే కంపెనీది, అదే పద్ధతిది కొనడం క్షేమం.

గైడ్ నంబరులో కిటుకు

ఫ్లాష్ బలాన్ని గైడ్ నంబరుతో చెబుతారు. ఆ అంకెను మీటర్లలోని దూరంతో భాగిస్తే లెన్సు ఎపర్చర్ వస్తుంది. ఐ.ఎస్.ఓ. 100 వద్ద గైడ్ నంబరు 40 అయితే, 5 మీటర్ల దూరానికి ఎఫ్ 8, 10 మీటర్లకు ఎఫ్ 4 పెట్టాలి. ఐ.ఎస్.ఓ.ను 400కు పెంచితే ఈ నంబరు రెండింతలవుతుంది. పెట్టెమీద 60 అని పెద్ద అక్షరాలతో వున్నా, అది తరచు ఫ్లాష్ తలను 200 మి.మీ. జూమ్‌కు పెట్టినప్పటి లెక్క. పదిమందిని కలిపి తీసేటప్పుడు వెలుగు పరుచుకోవాలి, అప్పుడు బలం అంతకంటే బాగా తగ్గుతుంది. 35 మి.మీ. వద్ద ఎంతో చూసి పోల్చాలి.

వెలుగును కెమెరాయే కొలిచి ఇచ్చే టి.టి.ఎల్. పద్ధతి తిరుగుతూ తీసేవారికి అనువు. కాని తెల్లపంచెలు, జరీచీరలు ఎదురుగా వుంటే అది మోసపోయి వెలుగు తగ్గించేస్తుంది. స్టాండుమీద కదలకుండా వుండే ఫ్లాష్‌కు చేత్తో బలం మార్చుకునే మాన్యువల్ చాలు, ధర కూడా తక్కువ.

తొందరపడితే నష్టమే

కానన్ 1500డి, 3000డి, 200డి రెండో నమూనా కెమెరాల హాట్ షూలో మధ్యన వుండే లోహపు చుక్క లేదు. ఆ ఒక్క చుక్కమీదే ఆధారపడే మాన్యువల్ ఫ్లాష్‌లు, ట్రిగ్గర్లు వీటిమీద వెలగవు. ఫిలిం కాలంనాటి ఫ్లాష్ ఇంట్లో వుంది కదా అని డిజిటల్ కెమెరాకు తగిలించడమూ ప్రమాదమే. వాటిలో కొన్నింటి ట్రిగ్గర్ వోల్టేజి వందల వోల్టులు వుంటుంది, అది కెమెరాను పాడుచేయగలదు. చెడిన ఫ్లాష్‌ను ఇంట్లో విప్పరాదు. సెల్‌లు తీసినా లోపలి కెపాసిటర్‌లో షాకు కొట్టేంత కరెంటు నిలవ వుంటుంది.

చాలా ఫ్లాష్‌లకు నాలుగు పెన్సిల్ సెల్‌లు కావాలి. చార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్‌లు పెళ్లి పనికి మంచివి. పాతవీ కొత్తవీ కలపరాదు. రెండో జత జేబులో వుండాలి. ఫ్లాష్‌ను పూర్తి బలంతో కాక నాలుగో వంతుతో వాడితే సెల్‌లు ఎక్కువసేపు వస్తాయి, మెరుపుకూ మెరుపుకూ మధ్య ఎదురుచూపూ తగ్గుతుంది. పందిట్లో ఫ్యాన్‌గాలికి, పిల్లల పరుగులకు స్టాండు పడిపోకుండా కాలికి ఇసుకసంచి కట్టాలి.

డబ్బు చెల్లించేముందు సొంత కెమెరాను, సొంత సెల్‌లను దుకాణానికి తీసుకువెళ్లాలి. ఫ్లాష్‌ను 20 అడుగుల దూరాన, ఒక మనిషి చాటున పెట్టి, షట్టర్‌ను సెకనులో 200వ వంతు వద్ద వుంచి, వరసగా ముప్పై ఫొటోలు తీయాలి. ముప్పై మెరుపులూ పడి, ఏ ఫొటోలోనూ నల్లపట్టీ కనబడకపోతే బిల్లు రాయించుకుని తెచ్చుకోవచ్చు. ఒక్కటి తప్పినా ఆ ఫ్లాష్‌ను దుకాణంలోనే వదిలి రావడం మంచిది.