ఖాళీగా నున్న గడి

రాజోలు, అమలాపురము, కొత్తపేట ప్రాంతములనుండి కువైట్, దుబాయి, మస్కట్లకు బ్రతుకుతెరువుకై వెళ్లిన తల్లిదండ్రులు, అమ్మమ్మ చెంత విడిచిన బిడ్డను తమ యొద్దకు రప్పించుకొన దలచిన నాడు, ట్రంకుపెట్టె యడుగున మడతలు నలిగిన జనన పత్రమునకై ఆ వృద్ధురాలు వెదకులాడుట చూచువారి మనస్సును కలచివేయును. దొరికినను, అందు బిడ్డ పేరుండవలసిన గడి యొక్కొక్కప్పుడు ఖాళీగానే యుండును. పురిటినాడే పేరు పెట్టుట మన యాచారము కాదు గదా!

2023 అక్టోబరు 1వ తేదీననో, ఆ పిమ్మటనో జన్మించిన వారి పాస్‌పోర్టునకు జనన పత్రమొక్కటే జన్మతేదీకి ప్రమాణమని 2025 నాటి నిబంధనలు శాసించుచున్నవి; అంతకు ముందు పుట్టినవారికి మాత్రము బడి ధ్రువపత్రము, పాన్ కార్డు వంటివియు చెల్లును. జననమును 21 దినములలో తెలుపవలెను. ఏడాది దాటెనా, మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే నమోదు జరుగదు. పేరును తొలి యేడాది రుసుము లేకయే చేర్చుదురు. తండ్రి యింటిపేరు ఒక కాగితమున పొడి అక్షరముగను, మరొకదాన పూర్తిగను ఉండుట, నా యెరుకలో, అన్నిటికన్న బాధించు చిక్కు.

తల్లులారా, బారసాల జరిగిన వారముననే పంచాయతీకో, మునిసిపాలిటీకో పోయి, ఆ గడి నింపించి రండు.