పాత బడి పడగొట్టే ముందు

మా డోన్‌లో గానీ, చుట్టుపక్కల ప్యాపిలి, బేతంచెర్ల, తుగ్గలి వైపు గానీ కాస్త పెద్ద సర్కారు బడి ఏదైనా చూడండి. ఒకే ఆవరణలో మూడు నాలుగు కాలాల కట్టడాలు కనిపిస్తాయి. ముందు వరసలో రాతిగోడల గదులు, వాటిపైన నాపబండల కప్పు. వెనక 1980లలో, 90లలో వేసిన కాంక్రీటు స్లాబు గదులు. ఇంకో మూల 2001 తర్వాత సర్వశిక్షా అభియాన్ డబ్బుతో లేచిన అదనపు గదులు. ఎంత డబ్బొస్తే అన్ని గదులు, ఎక్కడ జాగా కనపడితే అక్కడ కట్టుకుంటూ పోయారు. మొత్తం ఆవరణను ఒక్క కాగితం మీద పెట్టి ఆలోచించిన వాళ్లు లేరు. అందుకే ఆటస్థలం ముక్కలైంది, మరుగుదొడ్లు బోరు పక్కకు చేరాయి, వంటగది పొగ పదో తరగతి కిటికీలోకి పోతోంది.

బడి గదులకు అంచనాలు వేయడం, ఎం-బుక్కులో కొలతలు రాయడం, శిథిలమైన గదులను చూసి రిపోర్టు ఇవ్వడం ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నా పని. రిటైరయ్యాక కూడా ఏ హెడ్మాస్టరైనా "ఒకసారి వచ్చి చూసిపోండి సార్" అంటే సుత్తి, టేపు పట్టుకుని వెళ్తూనే ఉన్నాను.

సుత్తి ఎందుకంటే, బడి ఎంత పాతబడిందో రంగు చూస్తే తెలియదు. స్లాబును కింద నుంచి మెల్లగా తట్టుకుంటూ పోవాలి. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది. లోపల విడిపోయిన చోట బోలుగా వినిపిస్తుంది. పైకెక్కి చూస్తే అక్కడే నీళ్ల గొట్టంలో వేపాకు అడ్డంపడి, వానాకాలమంతా నీరు నిలబడిన మరక ఉంటుంది. ఆ నీరు కడ్డీ దాకా దిగి తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఇనుముకంటే రెండింతలకు పైగా చోటు తీసుకుంటుంది కాబట్టి కింది కాంక్రీటును తోసేస్తుంది. పెచ్చులు ఊడిపడటమంటే ఇదే. పైన మళ్లీ సిమెంటు పూసి రంగు వేస్తే ఆ తుప్పు కనపడకుండా పోతుంది గానీ ఆగదు. కట్టిన రోజుల్లో ఉప్పునీళ్ల బోరుతో కాంక్రీటు కలిపి ఉంటే ఇంకా త్వరగా తింటుంది.

చాలామంది ముందుగా పడగొట్టాల్సింది రాతి గదులనే అనుకుంటారు. నేను చూసినంతలో పునాది కదలని రాతి గోడ ఇంకో తరం నిలబడుతుంది. దాని కప్పు మార్చుకుంటే గ్రంథాలయానికో, ల్యాబుకో పనికొస్తుంది. ప్రాణం మీదికి తెచ్చేవి ఎక్కువగా ఆ తర్వాతి స్లాబు గదులే. కాబట్టి ప్రతి గదినీ విడిగా చూసి, ఉంచేది, బాగుచేసేది, తీసేసేది అని రాసుకోవాలి.

2025 జూలై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీ గ్రామంలో సర్కారు బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా శిథిల గదులకు తాళాలు వేయమని ఆదేశాలొస్తాయి. తాళం వేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఒక హెడ్మిస్ట్రెస్ నాతో అన్న మాట ఈ పని మొత్తానికీ మొదటి ప్రశ్న: "తాళమేయమని రాసిచ్చి పోతారు సార్, ఈ అరవైమందిని రేపు పొద్దున యాడ కూర్చోబెట్టాల?"

ఆ పిల్లలు పక్క సెక్షన్‌లోకి పోతారు. అక్కడ ముగ్గురు కూర్చునే బెంచీ మీద ఐదుగురవుతారు. లేదంటే వరండాలోకి, చెట్టుకిందికి పోతారు. విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతుల్లో 30 మందికి, ఆరు నుంచి ఎనిమిది దాకా 35 మందికి ఒక టీచరు ఉండాలంటుంది. సీబీఎస్ఈ బడుల్లో తలకు ఒక చదరపు మీటరు చొప్పున జాగా చూస్తారు. ఈ కొలత పట్టుకుని మన గదుల్లో టేపు పరిస్తే కిక్కిరిసిందన్న సంగతి మాటల్లో చెప్పనక్కరలేదు.

లెక్క ఇక్కడ మొదలుపెట్టాలి. కొత్త బడి ఎంతమందికి? హాజరుపట్టీ చూసి రాసేస్తే సరిపోదు. బడుల వివరాల కోసం కేంద్రం నడిపే యూడైస్ పట్టికలో సెప్టెంబర్ 30 నాటి పిల్లల సంఖ్య ఎక్కుతుంది. మా కర్నూలు పడమటి పల్లెల్లో ఆ తర్వాతే సుగ్గికి బయల్దేరతారు. గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి పిల్లాపాపలతో పోయి మార్చి దాటాక తిరిగొస్తారు. జనవరిలో ఖాళీ కనిపించిన బెంచీని చూసి గది తగ్గించుకుంటే, జూన్‌లో ఆ పిల్లలు నేలమీద కూర్చుంటారు. 2020లో కోవిడ్ వచ్చి ప్రైవేటు బడుల నుంచి ఎందరినో సర్కారు బడికి తెచ్చింది. కొందరు మళ్లీ వెళ్లిపోయారు. 2022 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన 117 జీవోతో చాలాచోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతులు దగ్గర్లోని హైస్కూలుకు చేరి గదులు చాలకుండా పోయాయి. 2025లో ఆ జీవో రద్దయింది. మూడేళ్లలో జీవోలు మారిపోయాయి, కానీ మనం వేసే స్లాబు అరవై ఏళ్లు ఉండాలి. అందుకే ఏ గది ఏ తరగతికని గట్టిగా కట్టేయకుండా, అన్నీ ఒకే కొలతలో, చిన్నపిల్లలు కూర్చున్నా పెద్దపిల్లలు కూర్చున్నా సరిపోయేలా కట్టమని అడుగుతాను.

డోన్ జంక్షన్. గుంతకల్లు, నంద్యాల, కర్నూలు దారులు ఇక్కడ కలుస్తాయి. పలకల ఫ్యాక్టరీల్లో, గనుల్లో పనికి వచ్చిన కుటుంబాలున్నాయి. ఆరో తరగతి నుంచి పల్లెల పిల్లలు ఆటోల్లో, పల్లెవెలుగు బస్సుల్లో వస్తారు. కట్టడం సాగినన్నాళ్లూ షిఫ్టులు పెడదామని పై నుంచి తేలిగ్గా అంటారు. పొద్దున ఏడున్నర షిఫ్టుకు ఏ బస్సుంది? సాయంత్రం ఆరుకు వదిలితే ఆడపిల్లను ఏ తల్లి పంపుతుంది? ఊరికి దూరంగా, హైవే పక్కన పెద్ద స్థలం ఉందని బడిని అక్కడికి మార్చే ఆలోచనకూ నేను ఒప్పుకోను. స్థలం విశాలంగానే ఉంటుంది, నడిచొచ్చే పిల్లలే తగ్గిపోతారు. ఉన్నచోటే రెండంతస్తులు వేసుకోవడం మేలు.

ఉన్నచోటే కట్టాలంటే వరస తప్పకూడదు. ముందు మరుగుదొడ్లు, నీళ్లు. తర్వాత ఏ పాత గదినీ ముట్టుకోకుండా ఖాళీ మూలలో మొదటి బ్లాకు. అది పూర్తయి పిల్లలు అందులోకి మారాకే అన్నిటికంటే ప్రమాదకరమైన వరస పడగొట్టాలి. ఆ జాగాలో రెండో బ్లాకు లేస్తుంది. తాళం పడిన గదుల పిల్లలకు మొదటి బ్లాకు వచ్చేదాకా షెడ్డు తప్పదు. అప్పుడు కొట్టం మాత్రం వేయొద్దు. 2004 జూలై 16న కుంభకోణంలో వంటశాల మంట కొట్టం కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు కాలిపోయారు. దేశంలోని బడులన్నిటికీ అగ్ని భద్రత తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2009లో చెప్పిన తీర్పు ఆ విషాదం మీద వేసిన కేసులోనిదే. షెడ్డు రేకులతో, రెండు దారులతో, వంటగదికి ఎడంగా ఉండాలి.

ఇంకో చిక్కు మా ఎండది. బడి ఏప్రిల్ 24 ప్రాంతంలో మూస్తే జూన్ 12 దాకా ఖాళీ. అందరూ ఆ సెలవుల్లో స్లాబు వేసేయాలంటారు. మే నెలలో మా ఊళ్లో తాగడానికే ట్యాంకరు కోసం చూస్తాం. స్లాబుకు మామూలు సిమెంటైతే కనీసం 7 రోజులు, ఇప్పుడు ఎక్కువగా దొరికే, బూడిద కలిపిన పీపీసీ సిమెంటైతే 10 రోజులు తడి ఆరకూడదు. నలభై రెండు డిగ్రీల ఎండలో అరకొర నీళ్లు చల్లిన స్లాబు పుట్టుకతోనే బలహీనమవుతుంది. కాబట్టి చప్పుడు, దుమ్ము లేచే పనులు, అంటే పడగొట్టడం, పునాది తవ్వడం వేసవి సెలవుల్లో పెట్టుకుని, స్లాబులు వానలు పడ్డాక వేసుకోవాలి. మార్చిలో పదో తరగతి పరీక్షల రోజుల్లో మిక్సరు తిరగకూడదు. కేరళలో రెండువేలకు పైగా పిల్లలున్న కోళికోడ్ నడక్కావు బాలికల బడిని 2013లో ఫ్యాక్టరీలో తయారైన భాగాలు తెచ్చి బిగించి మూడు నెలల పైచిలుకులోనే కొత్తగా నిలబెట్టారు. దానికి దాతల డబ్బు తోడైంది. మనకు అంత వేగం రాకపోయినా, పిల్లలు బడికి దూరమయ్యే రోజులు తగ్గించడమే లక్ష్యంగా పెట్టుకున్న ఆ పద్ధతి నేర్చుకోవచ్చు.

డబ్బు మధ్యలో ఆగిపోతుందన్న భయం ప్లానులోనే ఉండాలి. సర్కారు బడులను బాగుచేయడానికి 2019 నవంబర్ 14న మొదలైన నాడు-నేడు పథకంలో నాకు బాగా నచ్చింది పనులు తల్లిదండ్రుల కమిటీ చేతికివ్వడం. సిమెంటు బస్తాలు లెక్కపెట్టి దించుకున్న తల్లులను చూశాను. తొలి విడత 15 వేలకు పైగా బడుల్లో మరుగుదొడ్లు, ఫ్యాన్లు, బల్లలు, రంగులు వచ్చాయి. కొత్త గదులు రెండో విడతకు మిగిలాయి, అవి చాలాచోట్ల సగంలో ఆగాయి. పిల్లర్ల మీద తలలెత్తిన కడ్డీలు వానకు నాని తుప్పుపడుతుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. పన్నెండు గదులకు ఒకేసారి పునాది తీసి కూర్చోవడం కంటే, నాలుగేసి గదులను తలుపులు, కరెంటుతో సహా ముగించుకుంటూ పోతే, ఎప్పుడు ఆగినా ఆ నాలుగూ పిల్లలకు దక్కుతాయి.

నేల సంగతి మరవకూడదు. మా వైపు ఒక చేను ఎర్రనేల, పక్కది నల్లరేగడి. రేగడి వానకు ఉబ్బి ఎండకు బిగుసుకుంటుంది, కిటికీ మూలల నుంచి గోడ ఏటవాలుగా చీలుతుంది. అలాంటిచోట అడుగున ఉబ్బెత్తుగా తవ్వే అండర్ రీమ్డ్ పైల్స్ వేయాలి. ఇక గదులకు కిటికీలు ఉత్తర దక్షిణాలకు, ఎండపడే పక్క వెడల్పు వరండా, కిందికి మన బేతంచెర్ల బండలు, చక్రాల కుర్చీకి ర్యాంపు, పై అంతస్తుకు రెండు మెట్ల దారులు ఉండాలి. హద్దులు ముందే కొలిపించాలి. 2022 ఏప్రిల్‌లో డోన్ కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది గనక, పాత స్థలం కాగితాల కోసం రెండు చోట్లా తిరగడానికి కమిటీ సిద్ధపడాలి.

ఇప్పుడు ఒక బడి కమిటీ నన్ను పిలిచింది. పడమటి మూల వేపచెట్టును తప్పించి ముగ్గు వేశాం. నాలుగు చోట్ల పరీక్ష గుంతలు తీయించాం. మూడింట్లో నాలుగడుగులకే గరుసు తగిలింది, నాలుగోదాంట్లో ఆరడుగులైనా రేగడే వస్తోంది. మొదటి నాలుగు గదులనూ గరుసు మీదికి జరిపి ప్లాను మళ్లీ గీస్తున్నాను. గది గదికీ పిల్లల లెక్క హెడ్మిస్ట్రెస్ గారు రాసిస్తున్నారు, సుగ్గికి పోయినవాళ్ల పేర్లతో సహా.