రబ్బరు స్టాంపులో సంక్రాంతి

తెలుగు మాట్లాడతారు, రాయలేరు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల పిల్లలకు చేత్తో చేసే గ్రీటింగ్ కార్డు అక్షరాల వైపు ఓ దగ్గరిదారి

బిలాస్‌పూర్‌లో రబ్బరు స్టాంపు అంటే ఆఫీసు వస్తువే. సెలవు చీటీలు, పాసులు, బదిలీ ఉత్తర్వులు తరతరాలుగా ముద్ర పడ్డాకే కదిలాయి. 2003 ఏప్రిల్ నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం ఈ ఊరే, ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఉన్నదీ ఇక్కడే. ఆఫీసు పని కంప్యూటర్లకు మారుతున్న ఈ రోజుల్లో స్టాంపుకు ఇంకో ఉద్యోగం ఇవ్వొచ్చు. దాని మీద పదవి పేరుకు బదులు గాలిపటాన్నో గంగిరెద్దునో చెక్కించి, మందపాటి కాగితంపై ముద్ర వేసి, గీతల మధ్య నీటిరంగులు నింపితే సంక్రాంతి కార్డు సిద్ధం.

తెలుగువారికి ఈ ఊరు కొత్తది కాదు. నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్‌కు వెళ్లే బెంగాల్ నాగపూర్ రైల్వే మార్గం 1891 నాటికి సిద్ధమైంది. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయ్‌పూర్‌కు లైను 1931లో పూర్తయింది. వాల్తేరు కూడా అదే కంపెనీ పరిధిలో ఉండేది. ఉద్యోగం కోసం ఉత్తరాంధ్రలో రైలెక్కినవారిలో కొందరు ఇక్కడ దిగి, ఇక్కడే స్థిరపడ్డారు. కోర్బా-విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ ఈ ఊరి మీదుగానే నడుస్తుంది కనుక రాకపోకలకు లోటు లేదు. తగ్గుతున్నది అక్షరమే. బడిలో హిందీ, ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు మాట. బొబ్బిలిలో ఉన్న అమ్మమ్మతో ఫోన్లో గలగలా మాట్లాడే పిల్లవాడికి ఆమె పేరు తెలుగులో రాయడం రాకపోవచ్చు.

పండగనాడు సెల్‌ఫోన్‌లో వచ్చిపడే బొమ్మల మీద తెలుగు ఉంటుంది. కానీ అది ఒకరి నుంచి ఒకరికి సాగిపోయే సరుకు. పంపినవారు కూడా పూర్తిగా చదివి ఉండకపోవచ్చు. మరి స్టాంపు మాత్రం రెడీమేడ్ కాదా అని ఎవరైనా అడగొచ్చు. అవును, రెడీమేడే. శుభాకాంక్షలకు అది తప్పేమీ కాదు. 2013 జులైలో మూతపడిన టెలిగ్రాం సర్వీసులో శుభాకాంక్షల వాక్యాలకు నంబర్లుండేవి. నంబరు చెబితే చాలు, అవతల వాక్యం అందేది.

అసలు గ్రీటింగ్ కార్డు పుట్టిందే తీరిక లేక. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ప్రభుత్వోద్యోగికి క్రిస్మస్ ఉత్తరాలు రాసే సమయం చిక్కలేదు. చిత్రకారుడు జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ చేత బొమ్మ గీయించి కార్డులు అచ్చు వేయించాడు. ఒక్కోటి షిల్లింగుకు అమ్మకానికి పెట్టారు. అచ్చయింది గీతలే, రంగులు మాత్రం చేత్తో అద్దారు. రబ్బరు స్టాంపు కార్డు పద్ధతీ ఇదే. 2001లో ఆనాటి కార్డు ఒకటి వేలంలో 20 వేల పౌండ్లకు పైగా పలికింది.

తెలుగింటికీ ఈ విద్య పరాయిది కాదు. బెండకాయను అడ్డంగా కోసి రంగులో ముంచి పువ్వులు అద్దని బాల్యం అరుదు. పెడన కలంకారీ కూడా చెక్క అచ్చుల పనే. ఖరీదైన స్టాంపులు అక్కర్లేదు, పెన్సిల్ చెరిపే రబ్బరును బ్లేడుతో కోసినా ముద్ర వస్తుంది. అక్షరాలు మాత్రం అద్దంలో కనిపించినట్టు తిరగేసి చెక్కాలి. అందుకే వాటిని దుకాణంలో చేయించడం మేలు.

చిక్కు వచ్చేది అక్కడే. స్టాంపు చేసే మనిషికి తెలుగు రాకపోతే అతని కంప్యూటర్లో ఒత్తులు విడిపోయినా కనిపెట్టలేడు. 'సంక్రాంతి'లో క్రావడి పక్కకు జరిగినా అతనికి తేడా తెలియదు. కనుక మాటను టైపు చేయమనకుండా, బొమ్మగా మార్చి ఇవ్వాలి. సైజు మరీ తగ్గించకూడదు. 'శుభాకాంక్షలు'లో క్షకారం సందుల్లో సిరా నిండితే అక్షరం మచ్చగా మారుతుంది. తనంతట సిరా ఊరే స్టాంపు వద్దు, చెక్క పిడి ఉన్న మామూలుదే కావాలి. ఎందుకంటే సిరా మార్చాల్సి ఉంటుంది.

ఆఫీసు ప్యాడ్ సిరాపై తడి కుంచె తగిలితే గీతలు కరిగి రంగంతా ఊదాగా మారుతుంది. నీటికి చెదరని పిగ్మెంట్ సిరా వాడి, పూర్తిగా ఆరనివ్వాలి. స్టాంపును నిటారుగా నొక్కి నిటారుగానే ఎత్తాలి, అటూఇటూ ఊపితే అంచులు అలుక్కుపోతాయి. కాగితం 300 జీఎస్ఎం వాటర్‌కలర్ రకమైతే తడికి ముడతలు పడదు. నున్నటి వైపు ముద్ర బాగా పడుతుంది. రంగు లేతగా మొదలుపెట్టి ముదురుకు వెళ్లాలి. ఒక గడి ఆరాకే పక్క గడిని ముట్టుకోవాలి. తెలుపు కావాల్సినచోట కాగితాన్ని వదిలేయడమే. 45 డిగ్రీలకు చేరే బిలాస్‌పూర్ ఎండల్లో రంగు పరుచుకునేలోపే ఆరి అంచులు కడుతుంది. సంక్రాంతి ముందరి చలి రోజులే ఈ పనికి అనువు.

ఖర్చు దగ్గర భయం లేదు. ఏ5 సైజు కాగితాన్ని మధ్యకు మడిస్తే కార్డు బరువు 10 గ్రాముల లోపే. కవరుతో కలిపినా తపాలా శాఖ తొలి శ్లాబు 20 గ్రాములు దాటదు. మిగిలిన ముద్రలు పక్కింటివారికీ పనికొస్తాయి. పుష్య పౌర్ణమికి ఛత్తీస్‌గఢ్ పిల్లలు ఇల్లిల్లూ తిరిగి ధాన్యం అడిగే ఛేర్‌ఛేరా కూడా కోతల పండగే.

అయితే స్టాంపుతో అన్నీ ముద్రించేస్తే పిల్లవాడికి మిగిలేది రంగులు నింపడమే. అందుకని ముద్ర కింద రెండు వేళ్ల వెడల్పున ఖాళీ ఉంచాలి. పైన 'అమ్మమ్మకు' అని, కింద తన పేరు వాడే రాయాలి. పక్కన కూర్చుని తాతయ్యో నాన్నో ఆ అక్షరాలను విడి కాగితంపై పదిసార్లు దిద్దిస్తే చాలు. పది కార్డులు చేసేసరికి పేరు చూడకుండా రాయడం వస్తుంది. మరుసటి ఏడు ఒక వాక్యం. గీత వంకర పోయినా, తలకట్టు మరిచినా మళ్లీ రాయించనక్కర్లేదు. బొబ్బిలిలో కవరు విప్పిన అమ్మమ్మ కళ్లద్దాలు సర్దుకుని మొదట చదివేది ఆ వంకర అక్షరాలనే.