లోతు చూసిన మైదానం

ఏ వైపు కావాలో ముందుగా నీవే ఎంచుకొమ్మని అబ్రాము లోతుకు అవకాశమిచ్చాడు. యొర్దాను మైదానం నీళ్లతో కళకళలాడుతూ కనిపించింది. లోతు అటే వెళ్లాడు. సొదొమ మనుషులు ఎలాంటివారన్నది ఆ ఎంపికలో లెక్కకు రాలేదు. చివరికి అన్నీ వదిలి ప్రాణాలతో పరుగెత్తాడు (ఆదికాండము 13, 19 అధ్యాయాలు).

ఇంటర్ ముగించి బీబీఏలో చేరబోయే పిల్లల ముందు కూడా నేడు రెండు దారులున్నాయి. ఒకటి అద్దాల భవనాల ప్రైవేటు విశ్వవిద్యాలయం, రెండోది పాత గోడల ప్రభుత్వ విశ్వవిద్యాలయం. కన్ను మొదటిదాని మీదికే పోతుంది. అది తప్పు కాదు, చూపు అక్కడే ఆగిపోవడం తప్పు. యూజీసీ గుర్తింపు ఉందా? న్యాక్ గ్రేడు ఎంత? పాఠాలు చెప్పేదెవరు? ఉద్యోగాలొచ్చాయంటున్న లెక్క బీబీఏ వారిదా, ఎంబీఏ వారినీ కలిపిందా? ఇవి అడగాలి.

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలన్నాడు యేసుప్రభువు (లూకా 14:28). పది శాతం వడ్డీకి 8 లక్షలు అప్పు తెస్తే, ఏడాదికి వడ్డీయే 80 వేలు. పదిమందిలో గొప్ప కోసం ఆ బరువును పద్దెనిమిదేళ్ల బిడ్డ భుజాల మీద పెడుతున్నామా? తల్లిదండ్రులారా, సంతకం పెట్టకముందే బిడ్డతో కూర్చుని లెక్క వేయండి, ప్రార్థించండి.

మిగిలిన భాగమే తీసుకున్న అబ్రాముకు దేవుని వాగ్దానం తగ్గలేదు. పాత గోడల మధ్య చదివే బిడ్డకూ ఆయన తోడు తగ్గదు.