పసుపు: వచ్చే ఏటి ధారణ విత్తనపు కుప్పలోనే

మన వాణిజ్య ప్రతినిధి

కేసముద్రం, వరంగల్ ఏనుమాముల మార్కెట్లకు వచ్చే పసుపును ఖరీదుదారులు కాడి, గోళగా వేరుచేసి ధర కడతారు. యార్డుకు రాని మూడో భాగం మరొకటి ఉంది. అది రైతు చెట్టునీడన కుప్పవేసి ఉంచుకునే విత్తనం. వచ్చే ఏటి రాబడుల గురించి అంత ముందుగా చెప్పే భోగట్టా మరొకటి లేదు.

పసుపు చలికాలంలో నిద్రకు పోయే పైరు. తొలకరిలో నాటిన దుంప రకాన్నిబట్టి 7 నుంచి 9 నెలల్లో పక్వానికి వస్తుంది. ఆకు ఎండి వాలిపోతే మొక్క సత్తువంతా దుంపలోకి దిగినట్లు లెక్క. తొందరపడి పచ్చి ఆకు మీదనే తవ్విన సరుకు ఉడికి ఎండిన తరువాత ముడుతలుపడి తూకం తగ్గుతుంది. విత్తనంగా ఉంచినా త్వరగా వడలిపోతుంది.

జనవరి-మార్చి నెలల్లో తవ్విన దుంపల్లో మచ్చలేని వాటిని ఏరి, పసుపు ఆకు కప్పి, మట్టి మెత్తి నిల్వచేస్తారు. రోహిణి కార్తె నాటికి కన్నులు ఉబ్బుతాయి. గోళ పెద్దదైతే రెండు ముక్కలు చేయవచ్చును గాని, ప్రతి ముక్కకు బలమైన కన్ను ఉండాలి. కొమ్ములు నిల్వకు బాగా ఆగుతాయి, విత్తనమూ తక్కువ పడుతుంది. కుళ్ళిన దుంప ఒక్కటి కలిసినా దుంపకుళ్ళు తెగులు పొలానికి చేరుతుంది. కనుక నాటేముందు లీటరుకు 3 గ్రాముల మాంకోజెబ్ కలిపిన నీటిలో అరగంట నానబెట్టి, నీడన ఆరబెట్టడం మంచిది.

వర్తకులు గమనించవలసిన లెక్క ఇది. ఎకరాకు విత్తనం 8 నుంచి 10 క్వింటాళ్ళు. పచ్చిదుంప 100 కిలోలకు ఎండు సరుకు సుమారు 20 కిలోలు. అనగా, ఎకరా నాటాలంటే 2 క్వింటాళ్ళ దాకా ఎండు పసుపు బజారుకు రాకుండా ఆగుతుంది. 2022-23లో దేశంలో పసుపు విస్తీర్ణం 3.24 లక్షల హెక్టార్లు, దిగుబడి 11.61 లక్షల టన్నులు. అంత విస్తీర్ణానికి విత్తనమే, ఎండు లెక్కన, 1.6 లక్షల టన్నుల దాకా ఉంటుంది.

ధర చురుకుగా ఉన్న ఏడు రైతు ఎక్కువ విత్తనం అట్టిపెడతాడు. రాబడులు తగ్గి ధర ఇంకా పెరుగుతుంది. మరుసటి ఏడు సరుకు వెల్లువెత్తుతుంది. మందకొడి ఏడు విత్తనాన్ని కూడా ఉడికించి అమ్ముతాడు. అప్పుడు రాబడులు చూసి పంట బాగున్నదని భ్రమపడిన నిల్వదారు, కొరత ముందున్నదని గ్రహించలేక సరుకు వదులుకుంటాడు.

కోజికోడ్‌లోని భారతీయ సుగంధద్రవ్యాల పరిశోధన సంస్థ ఒకే కన్నుగల చిన్నముక్కలను ట్రేలలో మొలిపించి నాటే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. దీనితో విత్తనం బాగా ఆదా అవుతుంది. ఈ పద్ధతి విస్తరించిన చోట పై లెక్కను సవరించుకోవాలి.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నుంచి వచ్చే పసుపు రైతును అడ్తి దగ్గర ఎన్ని బస్తాలు తెచ్చావని అందరూ అడుగుతారు. ఇంటివద్ద విత్తనానికి ఎంత ఉంచావని కూడా అడిగిన వర్తకుడికే వచ్చే సీజను ముందుగా తెలుస్తుంది.